సీమ పిల్లలకు సముద్రం పాఠం దండగట!

టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సముద్రం మనకు దూరం, చెప్పడానికి మంచి మెటీరియల్ లేదు, కాబట్టి మూడు ముక్కలు చెప్పి పాఠం ముగించమంటుంది: పసిఫిక్‌లో అంతరిక్షం నుంచి కనబడే ప్లాస్టిక్ దీవి ఉంది, సముద్రం ఆమ్లమైపోయింది, మన ఆక్సిజన్‌లో 70 శాతం అక్కడిదే.

దూరమా? 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచిన వరద, రెండూ బంగాళాఖాతం పంపిన వానలే. అసలు మన సముద్రాలను కనిపెట్టి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నదే హైదరాబాద్‌లో. దూరమే అడ్డయితే ముందు దానికి తాళం వేయాలి.

ఆ ప్లాస్టిక్ దీవి లేదు. హవాయి, కాలిఫోర్నియాల మధ్య తేలుతున్నదాంట్లో లెక్కకు ఎక్కువ 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలే. పడవలో మీదుగా పోయినా కంటికి ఆనకపోవచ్చు. దీవే అయ్యుంటే ఈపాటికి లాగి పారేసేవాళ్లు. చెల్లాచెదురుగా ఉండటమే అసలు తంటా.

ఇక ఆమ్లం. పారిశ్రామిక విప్లవం నాటికి పైనీటి పీహెచ్ (ఆమ్లమా క్షారమా తేల్చే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం వైపు) దాదాపు 8.2, ఇప్పుడు 8.1 దగ్గర. 7 కంటే పైనే ఉంది కాబట్టి అది ఇంకా క్షారమే. అలాగని ఊరట పడొద్దు. పీహెచ్ లాగరిథమ్ కొలత, అంటే ఒక్క అంకె తగ్గితే పదింతల తేడా, కాబట్టి 0.1 తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగినట్టు. నీట కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పుట్టే ఆ అయాన్లు కార్బొనేట్‌ను పట్టేసుకుంటాయి. పగడాలకూ ఆల్చిప్పలకూ గుల్ల కట్టుకునే సరుకు అదే. దీన్ని చూపించడానికి వీడియో ఎందుకు? వంటింటి కడప బండ మీద నిమ్మరసం పడితే నునుపు పోయి తెల్లమచ్చ తేలడం పిల్లలందరూ చూసిందే. ఆ బండ సున్నపురాయి, ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నది. గుల్లదీ అదే కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం ఘాటు సముద్రానికి లేదని మాత్రం మరవకుండా చెప్పాలి, లేకపోతే మనమూ ఇంకో తప్పుడు మెసేజ్ పుట్టించినట్టే.

ఆక్సిజన్ ఉత్పత్తిలో సముద్రం వాటా సుమారు సగం. అందులోనూ దాదాపు అంతా సముద్ర జీవులే వాడేసుకుంటాయి.

తెలుగులో మెటీరియల్ తక్కువన్నది ఒప్పుకోవాల్సిందే, అసలు లేదనడం అబద్ధం. సముద్రాన్నీ వాతావరణాన్నీ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) సొంతంగా తయారుచేసే పాఠాలకు చాలావరకు కాపీరైట్ ఉండదు. తెలుగు చేసుకుని పంచుకోవచ్చు. ప్రపంచ సముద్రాల్లో తేలుతూ కొలతలు తీసే సుమారు 4,000 ఆర్గో ఫ్లోట్లు అనే యంత్రాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ కొలిచే వేడి, ఉప్పదనం లెక్కలు ఎవరికైనా ఉచితం. బంగాళాఖాతంలోని ఒక ఫ్లోట్‌ను ఎంచుకుని, తుపానుకు ముందూ తర్వాతా దాని లెక్కలను తొమ్మిదో తరగతి పిల్లల చేత గ్రాఫు గీయించండి.