కవరు మీద ముద్ర పడితే పేటెంట్ కాదు

‘మీ ఐడియాకి కోట్లు’ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. పంపేవాళ్లలో ఇంజినీర్లూ ఉన్నారు. ‘నీకు ఇలాంటివి ఇష్టం కదా’ అని ప్రత్యేకంగా నాకే పంపుతున్నారు. ఇష్టమే. ఒళ్లు మండేది కూడా అందుకే.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. కంపెనీలు కొత్త ఐడియాల కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాయట. నమూనా అక్కర్లేదు, ఐడియా చెబితే చాలట. పేటెంట్‌కి డబ్బు తగలేయకుండా, ఐడియాని కాగితం మీద రాసి మీకు మీరే రిజిస్టర్డ్ పోస్టు చేసుకోవాలట. లేదా వీడియో పెడితే ఆ తేదీయే సాక్ష్యమట. ఒక్క దరఖాస్తుతో ప్రపంచమంతటా హక్కు. కంపెనీని ఎన్‌డీఏ, అంటే రహస్య ఒప్పందం, అడగకూడదు. అమ్మకాల మీద పాతిక శాతం రాయల్టీ, జీవితాంతం. చివర్లో ఒక ఫోన్ నంబరు: ‘మీ ఐడియాని ఉచితంగా పరిశీలిస్తాం.’

ముందు చిన్నవి తేల్చేద్దాం. ప్రపంచ పేటెంట్ అనేది లేనే లేదు. పీసీటీ అనే అంతర్జాతీయ పేటెంట్ ఒప్పందం కింద ఒకే దరఖాస్తు వేయొచ్చు. దానివల్ల వచ్చేది గడువు. ఆ తర్వాత ఏ దేశంలో హక్కు కావాలంటే ఆ దేశంలో ఫీజు కట్టి అడుక్కోవాల్సిందే. ‘జీవితాంతం’ కూడా ఉత్తమాటే. పేటెంట్ ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఇక పాతిక శాతమా! అచ్చులు పోయించేది కంపెనీ, సరుకు నిల్వ పెట్టేది కంపెనీ, వెనక్కి వచ్చిన సరుకు భరించేదీ కంపెనీయే. మామూలు వినియోగ వస్తువుల్లో రాయల్టీ ఒక అంకె శాతం దాటడం అరుదు. అదీ దుకాణంలో మనం కట్టే ధర మీద కాదు, కంపెనీ తన డీలరుకి అమ్మిన ధర మీద. ఒప్పందంలో దీన్నే ‘నికర అమ్మకాలు’ అంటారు. ఆ మాటకి అక్కడ ఇచ్చిన నిర్వచనం చదివితే అసలు సంగతి తెలుస్తుంది. డిస్కౌంట్లు, రవాణా, వాపసులు, ప్రకటనల వాటా అంటూ కోసుకుంటూ పోతారు. శాతం గురించి బేరమాడి ఆ పేరా వదిలేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

పోస్టు కవరు సంగతి. ముందు ఎవరు కనిపెట్టారని కాదు, ముందు ఎవరు దరఖాస్తు చేశారని చూస్తారు. ఇందులో చాలాకాలం తేడాగా ఉన్న అమెరికా కూడా 2013 మార్చి నుంచి ఆ దారికే వచ్చింది. కవరు మీద ముద్ర పడితే హక్కు వచ్చేట్టయితే పేటెంట్ ఆఫీసులన్నీ మూసేసి ఆ ఉద్యోగులకి తపాలా శాఖలో పోస్టింగులు ఇచ్చేవాళ్లు. కవరు వల్ల పోయేది పోస్టేజీ మాత్రమే కాబట్టి దాన్ని క్షమించొచ్చు. వీడియో సలహా అలా కాదు. దరఖాస్తు వేయకముందే ఐడియాని బయటపెడితే యూరప్‌లో దాదాపుగా తలుపు మూసుకున్నట్టే. భారత్‌లోనూ మినహాయింపులు చాలా ఇరుకు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. అంటే ‘తేదీయే సాక్ష్యం’ అన్నది నిజమే. కాకపోతే ఆ సాక్ష్యం మీకు వ్యతిరేకంగా పనికొస్తుంది.

‘దొంగిలిస్తే కోర్టుకెళ్తే కోట్లు’ అని కూడా ఒక లైను కలిపారు. రాబర్ట్ కెర్న్స్ అనే ఆయన కారు అద్దం తుడిచే వైపర్ ఆగి ఆగి నడిచేలా చేశాడు. ఆయన చేతిలో కవరు కాదు, అసలైన పేటెంట్లే ఉన్నాయి. ఫోర్డ్ మీద 1978లో దావా వేస్తే రాజీ కుదిరింది 1990లో, కోటి డాలర్ల పైచిలుకుకి. డబ్బు వచ్చింది, కాదనను. పన్నెండేళ్లు దావా నడిపే ఓపిక, ఖర్చు ఎవరికున్నాయో వాళ్లు ఆ లైను ఫార్వర్డ్ చేయండి.

‘ఐడియా చాలు’ అనడానికి మెసేజ్‌లో ఇచ్చిన ఉదాహరణ లానీ జాన్సన్, సూపర్ సోకర్ నీళ్ల తుపాకీ. బాత్రూమ్‌లో ఐడియా వచ్చింది, కోటీశ్వరుడయ్యాడు, కథ కంచికి. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ రాయరు. 1982లో కొత్తరకం హీట్ పంపు మీద ప్రయోగం చేస్తుంటే నీటిధార దూసుకుపోయింది. ఆయన అప్పటికే ఇంజినీరు. పేటెంట్ 1986లో వచ్చింది. లారమీ అనే బొమ్మల కంపెనీ లైసెన్సు తీసుకున్నది 1989లో. ఆ కంపెనీ మీటింగ్ గదికి ఆయన ‘ఐడియా’ పట్టుకెళ్లలేదు. పీవీసీ గొట్టాలు, ప్లెక్సీగ్లాస్, పైన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా బిగించిన తుపాకీని సూట్‌కేసులోంచి తీసి గది ఆ చివరిదాకా నీళ్లు కొట్టాడు. కంపెనీ కొన్నది ఆ నీటిధారని. అది పనిచేస్తుందా లేదా అన్న టెన్షన్ అక్కడితో పోయింది కాబట్టి కొన్నది.

ఇక ఆ ఫోన్ నంబరు. మిగతా మెసేజ్ అంతా దీనికోసం పరిచిన తివాచీ.

‘ఉచిత పరిశీలన’లో మీ ఐడియా ఫెయిలవదు. ఎవరిదీ అవదు. రెండో ఫోన్‌కి ‘మా నిపుణుల బృందం చాలా ఎగ్జైట్ అయింది’ అంటారు. ఆ తర్వాత మార్కెట్ రిపోర్టుకి ఫీజు. అందులో మీ వస్తువు పేరు తీసేసి ఇంకొకరిది పెట్టినా ఏమీ తేడా రాదు. తర్వాత త్రీడీ బొమ్మలకి ఫీజు, తర్వాత ‘గ్యారంటీ పేటెంట్’కి ఫీజు. చాలాసార్లు ఆ గ్యారంటీ వెనక ఉండేది డిజైన్ రిజిస్ట్రేషన్. అది వస్తువు ఆకారాన్ని కాపాడుతుంది, పనితీరుని కాదు. పిడి వంపు కాస్త మార్చి ఎవరైనా అదే పని చేయించుకోవచ్చు. చివరికి ‘వందల కంపెనీలకి పంపాం’ అని ఒక జాబితా ఇస్తారు. జవాబు మాత్రం రాదు.

అమెరికాలో ఇది ఎంత ముదిరిందంటే 1999లో దీనికోసం చట్టమే చేశారు. ఒప్పందానికి ముందే ఇలాంటి సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి: గత అయిదేళ్లలో ఎన్ని ఐడియాలు పరిశీలించారు, ఎన్నింటిని బాగున్నాయన్నారు, ఎన్నింటిని బాలేవన్నారు, ఎంతమందికి లైసెన్సు దొరికింది, ఎంతమందికి నికరంగా లాభం వచ్చింది. అయినా ఆగలేదు. వరల్డ్ పేటెంట్ మార్కెటింగ్ అనే సంస్థ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లో కేసు పెట్టింది. వేల డాలర్లు తీసుకుని చేసిందేమీ లేదన్నది ఒక ఆరోపణ, ఫిర్యాదు చేసినవాళ్లని బెదిరించారన్నది ఇంకొకటి. 2018లో వాళ్లని ఆ వ్యాపారం నుంచే నిషేధించారు.

మీరున్న చోట అలాంటి చట్టం లేకపోయినా ఆ ప్రశ్నలు అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడిగి చూడండి, ఎగ్జైట్‌మెంట్ ఎలా దిగుతుందో. లెక్క సింపుల్: సంస్థ సంపాదన మీ ఫీజులోంచి వస్తుంటే, మీ ఐడియా అమ్ముడుపోవాల్సిన అవసరం వాళ్లకి లేదు. రాయల్టీలో వాటా మాత్రమే తీసుకునే ఏజెంట్లు ఉన్నారు. వాళ్లు చాలా ఐడియాలని మొదటిరోజే వద్దంటారు. ఆ ‘వద్దు’ వినడం కష్టమే గానీ, మీ జేబుకి చిల్లు పడదు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఎన్‌డీఏ అడగొద్దన్నది మాత్రం చాలావరకు సరైన మాటే. మొదటి ఫోన్‌లోనే ఆ కాగితం పెడితే పెద్ద కంపెనీలు మాట్లాడవు. అలాంటి వస్తువు మీదే వాళ్ల ఇంజినీర్లు ఏడాదిగా పనిచేస్తూ ఉండొచ్చు. సంతకం పెట్టి లేని తలనొప్పి ఎందుకు తెచ్చుకుంటారు? పైగా చాలా కంపెనీలు తిరగేసి మీచేతే సంతకం చేయిస్తాయి. ఐడియాలు పంపే ఫారం అడుగున చిన్న అక్షరాల్లో, ‘ఇందులో ఏదీ రహస్యం కాదు, మా బాధ్యత పేటెంట్ హక్కుల వరకే’ అన్న అర్థంలో ఒక పేరా ఉంటుంది. ముందు అది చదవండి. పైన వస్తువు ఫొటో, కింద అది తీర్చే ఇబ్బంది ఒక్క లైనులో, ఇలా ఒకే పేజీ జతచేయండి. లోపలి మెకానిజం అప్పుడే వద్దు. ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే పేటెంట్‌కి ముందుగా వేసే తాత్కాలిక దరఖాస్తు, దాని తేదీ మాత్రం మీరు ఆ ఫారం పంపే తేదీకి ముందే ఉండాలి.