అడుగులు కాదు, ఆయాసం లెక్కపెడదాం

అమెరికాలో మన తెలుగు సంఘాలు పెట్టే ‘వర్చువల్ 5కె’ల్లో ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఉన్నచోటే ఐదు కిలోమీటర్లు నడిచి, స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. మెడల్ పోస్టులో వస్తుంది. ఇందులో కలిసి ఆడిందేమీ లేదు. ఫోన్ ఊపి అడుగులు పెంచుకునేవాళ్ల సంగతి సరేసరి.

ఖండాల అవతలున్నవాళ్లు ఒకే సమయాన చెమటోడ్చి ఆడే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. 2003లో డబ్లిన్‌లోని మీడియా ల్యాబ్ యూరప్ అనే పరిశోధనశాలలో పరిశోధకుడు ఫ్లోరియన్ ముల్లర్ బృందం ‘బ్రేకౌట్ ఫర్ టూ’ చేసి చూపింది. రెండు చోట్ల ఇద్దరు, ఎవరి గోడకు వాళ్లు నిజమైన బంతినే తంతారు. గోడ మీద అవతలి మనిషి నిలువెత్తు వీడియో, దానిపైన ఇద్దరికీ ఉమ్మడిగా కనిపించే బొమ్మ పలకలు, బంతి తగిలితే పగులుతాయి. ముందు పగలగొట్టినవాళ్లకే పాయింటు. కిటుకంతా బంతి సముద్రం దాటకపోవడంలోనే ఉంది. అటూ ఇటూ కొట్టుకునే బ్యాడ్మింటన్ లాంటి ఆటైతే ఇంటర్నెట్ అర సెకను వెనకబడ్డా చెడిపోతుంది.

ముల్లర్ బృందమే తర్వాత చేసిన ‘జాగింగ్ ఓవర్ ఎ డిస్టెన్స్’ మనకు ఇంకా దగ్గర. దూరాన పరుగెత్తే ఇద్దరూ మాట్లాడుకుంటారు. పోల్చేది వేగాన్ని కాదు, ఎవరి గుండె వేగం వాళ్లు పెట్టుకున్న లక్ష్యానికి ఎంత దగ్గరుందో దాన్ని. తెనాలి మేడమీద నడిచే నాన్నగారికీ, న్యూజెర్సీ ఎడిసన్‌లో పరుగెత్తే కొడుక్కీ సమానమైన ఆట ఇదొక్కటే.

దీనికి కొత్తగా యాప్ తయారు చేయించక్కర్లేదు. ఛాతీకి కట్టుకునే హార్ట్‌రేట్ పట్టీ, దాని అంకె చూపే ఫోన్ యాప్ లేదా వాచీ, ఒక చెవికే ఇయర్‌ఫోన్, గ్రూప్ కాల్ చాలు. 220లోంచి వయసు తీసేసి, అందులో 60 శాతం లక్ష్యంగా పెట్టండి: 65 ఏళ్లవాళ్లకు నిమిషానికి 93 సార్లు, 35 ఏళ్లవాళ్లకు 111. అర గంట నడకలో ఐదు నిమిషాలకోసారి అంకె చెప్పాలి. లక్ష్యానికి దగ్గరున్నవాళ్లదే పాయింటు. గట్టిగా పరుగెత్తి గెలిచే వీల్లేకపోవడమే పెద్దవాళ్లకు రక్ష.

పట్టీ పొడిగా ఉంటే మొదటి నిమిషాల్లో పిచ్చి అంకెలొస్తాయి. కట్టుకునే ముందు తడపాలి. చేతి గడియారాలు ఒక్కోసారి అడుగుల లయనే గుండె లయగా లెక్కేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీపీ మాత్రలు వాడేవాళ్ల గుండె వేగం పెరగాల్సినంత పెరగదు. వాళ్లకు 220 లెక్క పనికిరాదు, అంకెను అందుకోవాలని ఒళ్లు హూనం చేసుకుంటారు. వాళ్ల లక్ష్యం డాక్టరే చెప్పాలి. లేదంటే మాట తడబడకుండా నడవడమే కొలత.

ఇంట్లో సైకిల్ తొక్కుతూ తెరమీద కలిసి పోటీపడే యాప్ జ్విఫ్ట్. దాని మీద తొక్కే కుర్రాళ్లకు ఈ తంటాలుండవు, కానీ సైకిల్‌ను బిగించే యంత్రం, స్మార్ట్ ట్రైనర్, ఖర్చు అందరూ పెట్టలేరు. జ్విఫ్ట్‌లో ట్రైనర్ కనబడట్లేదంటే చాలాసార్లు ఫోన్‌లోని వేరే యాప్ ముందే దాని బ్లూటూత్‌ను పట్టేసి ఉంటుంది, ఆ యాప్‌ను మూసేయాలి.

ఇక వేళ. చలికాలంలో న్యూజెర్సీ ఆదివారం రాత్రి 8 అంటే ఆంధ్రలో సోమవారం ఉదయం 6:30. మార్చిలో ఇక్కడ గడియారం ముందుకు జరిపాక అదే 8 అక్కడ 5:30 అవుతుంది. అప్పుడు పెద్దవాళ్లను గంట ముందు లేపడం కాదు, మనమే 9కి జరుపుకోవాలి.