రంగురంగుల మేత డబ్బా గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ హ్యామ్‌స్టర్ మేత డబ్బా గారికి,

ఇక్కడ హాల్లో మేమంతా క్షేమం. అక్కడ ఫ్రిజ్ మీద మీరు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ పక్కనే కూర్చున్న నా షుగర్ మాత్రల డబ్బాను కూడా అడిగానని చెప్పండి. మూడు నెలలుగా మీరిద్దరూ భుజాలు రాసుకుని కూర్చున్నారు. మీ ఇద్దరి మధ్య ఏం మాటలు నడిచాయో గానీ, మీరు చేసేదీ తను సరిదిద్దేదీ ఒకటే జబ్బని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మీరు మా ఇంట్లో కాలు పెట్టింది మా పాప పుట్టినరోజున. ఆ రోజే హ్యామ్‌స్టర్ కూడా వచ్చింది. బంగారు రంగు, గుండ్రటి ఒళ్లు, తోక ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. "డబ్బులిచ్చి ఎవరైనా ఎలకను కొనుక్కొస్తార్రా?" అని మా అమ్మ ఓ పది నిమిషాలు నన్ను తిట్టింది. పదకొండో నిమిషంలో దానికి సున్నుండ అని పేరు పెట్టింది. అప్పటినుంచి ఇంట్లో నేను రెండో స్థానం.

కొట్లో కుర్రాణ్ణి "దీనికి తిండి ఏం పెట్టాలి బాబూ?" అని అడిగాను. వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాచి మిమ్మల్ని అందుకున్నాడు. "అన్నిటికీ ఇదే సార్." ఆ మాట నిజమే. మీ వెనక వైపు హ్యామ్‌స్టర్, గినీ పిగ్, కుందేలు ముగ్గురూ ఒకే ఫొటోలో కుటుంబ సమేతంగా నవ్వుతున్నారు. గినీ పిగ్‌కు తిండిలో సి విటమిన్ లేకపోతే జబ్బు చేస్తుంది. హ్యామ్‌స్టర్ ఆ విటమిన్‌ను ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. కుందేలుకు పొద్దస్తమానం ఎండు గడ్డి కావాలి, గింజలు పెడితే పొట్ట చెడుతుంది. ఈ ముగ్గురికీ ఒకే వంట వండగలిగిన మీరు మా ఊరి పెళ్లిళ్ల వంటవాళ్లకన్నా గట్టివారు. వాళ్లైనా షుగర్ వాళ్లకు చప్పటి పప్పు వేరే తీసి ఉంచుతారు.

మీ అందం గురించి చెప్పకపోతే పాపం. ఎర్ర ముక్కలు, పచ్చ ముక్కలు, పసుపు చక్రాలు, నక్షత్రాలు. మిమ్మల్ని గిన్నెలో పోస్తుంటే హోలీ ఆడినట్టుంటుంది. మా పాప చప్పట్లు కొట్టింది. నేను కూడా "అబ్బ, ఎన్ని రకాలో!" అన్నాను. ఒక్క సున్నుండ మాత్రం ఏమీ అనలేదు. అది రాత్రిపూట తిరిగే ప్రాణి, చూపు అంతంతమాత్రం, మనకు కనపడే రంగులన్నీ దానికి కనపడవు. ముక్కే దాని కళ్లు. మరి ఆ ఎరుపెవరి కోసమండీ? ఆ నక్షత్రాలు ఎవరికి? కొట్లో జేబులోంచి డబ్బులు తీసేవాడి కోసం కదూ.

తర్వాత ఓ రోజు మీ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. చదివాను అంటే ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి, కళ్లజోడు మార్చి చదివాను. ధాన్యాలు. ధాన్యోత్పన్నాలు. విత్తనాలు. నూనెలు. రకరకాల చక్కెరలు. రంగులు. ఏ ధాన్యమో లేదు, ఎంత చక్కెరో లేదు. 'ధాన్యోత్పన్నాలు' అంటే ఏమిటని మా అమ్మను అడిగితే, "తవుడు, నూక, చిట్టు, ఇంకేముంటాయి!" అంది. ఏళ్ల తరబడి గేదెలకు దాణా కలిపిన చెయ్యి అది, తప్పు చెప్పదు. ఆ పసుపు చక్రాలు కూడా పిండిని రంగు వేసి పొంగించినవేనని నా అనుమానం. మా చిన్నప్పుడు వేలికి ఉంగరాల్లా తొడుక్కుని తిన్న గొట్టాలకు ఇవి దూరపు చుట్టాల్లాగే ఉన్నాయి.

మీ ముఖాన మాత్రం పెద్ద అక్షరాల్లో 'సంపూర్ణ సమతుల ఆహారం' అని ఉంది. ఇక్కడ ఒక్క మాట మీ తరఫున కూడా ఒప్పుకోవాలి. డబ్బాలో ఉన్నదంతా కలిపి తింటే ఏదో ఒక లెక్క కుదురుతుందేమో. కానీ ఎవరు తింటారండీ అలా? సున్నుండ మొదటి రాత్రే గిన్నె పక్కన కూర్చుని, పులిహోరలో జీడిపప్పు ఏరుకునే పిల్లాడిలా, పొద్దుతిరుగుడు గింజలన్నీ ఏరేసింది. తర్వాత వేరుశనగ గుళ్లు. అవి అయ్యాక మొక్కజొన్న. ఎర్ర ముక్కలు, నక్షత్రాలు, అడుగున పడిన ఆకుపచ్చ గుళికలు తెల్లారేదాకా అలాగే ఉన్నాయి. ఆ గుళికల్లోనే కాస్తో కూస్తో పోషకాలు ఉన్నాయట. పొద్దుతిరుగుడు పప్పులో ఇంచుమించు సగం నూనే, కాల్షియం చూస్తే తక్కువ. అంటే సంపూర్ణ విందుకు పిలిచి లడ్డూలు, బజ్జీలు మాత్రం ఎదురుగా పెట్టారు మీరు. అన్నం, పప్పు ఎక్కడో చివరి పంక్తిలో ఉన్నాయి.

ఇంకో సంగతి. పొద్దున లేచి చూస్తే గిన్నె ఖాళీగా ఉండేది. "పాపం, ఆకలేసింది నాన్నా" అని మా పాప మళ్లీ నింపేది. సాయంత్రానికి మళ్లీ ఖాళీ. మళ్లీ నింపడం. మొదటి నెలలోనే రెండు డబ్బాలు అయిపోయాయి. చారెడు ఒళ్లున్న ప్రాణి ఇదంతా ఎక్కడ పెడుతోందా అని ఓ ఆదివారం బోను శుభ్రం చేస్తూ గూడు తవ్వితే, కింద మార్కెట్ యార్డు బయటపడింది. ఈ జాతికి రెండు పక్కలా బుగ్గ సంచులుంటాయి, భుజాల దాకా సాగుతాయి. తినేది కొంచెం, సంచుల్లో కుక్కి తీసుకెళ్లి దాచేది బోలెడు. జర్మన్ భాషలో దాచిపెట్టుకోవడానికి క్రియాపదమే 'హామ్‌స్టర్న్'. 2020లో కరోనా మొదలై అక్కడి జనం టాయిలెట్ పేపరు కోసం ఎగబడితే, అలాంటి కొనుగోళ్లకు వాళ్లు వాడిన పేరులో ఉన్నదీ ఈ జంతువే. గిన్నె ఖాళీ అవడమంటే ఆకలి కాదు, అలవాటు. ఈ ముక్క మీ వెనక ఎక్కడా రాయలేదేమని నేను అడగను. ఖాళీ గిన్నె మీద నడిచే వ్యాపారం మీది. నేను మీ స్థానంలో ఉన్నా రాయను.

మూడో నెలకు సున్నుండ పేరుకు తగ్గట్టు తయారైంది. చక్రం ఎక్కితే చక్రమే ఆయాసపడేది. డాక్టరు కోసం వెతికాం. ఫోన్ చేసిన చోటల్లా "కుక్కా, పిల్లా?" అని అడిగి, హ్యామ్‌స్టర్ అనగానే కాసేపు నిశ్శబ్దం. చివరికి పక్షులనూ కుందేళ్లనూ చూసే ఒక డాక్టరమ్మ దొరికింది. సున్నుండను వంటింటి కాటా లాంటి దాని మీద పెట్టి, 178 గ్రాములు అంది. "ఏం పెడుతున్నారు?" అని అడిగితే సగర్వంగా మీ ఫొటో చూపించాను. ఆవిడ మీ ఫొటో వైపు ఒకసారి, నా పొట్ట వైపు ఒకసారి చూసింది.

"ఇది సిరియన్ రకం, అదృష్టవంతులు. క్యాంప్‌బెల్ అని ఇంకో చిన్న రకం ఉంది, దానికి షుగర్ ఇట్టే వస్తుంది" అంది. ఆ రకం తిరిగే సైబీరియా వైపు గడ్డి మైదానాల్లో నాకు షుగర్ చుట్టాలున్నారని అప్పుడే తెలిసింది.

తర్వాత ఆవిడ చెప్పిందంతా ఒక చీటీలో పట్టింది. అన్నీ ఒకే రుచిలో ఉండే గట్టి గుళికలు, మాంసకృత్తులు 18 శాతం దగ్గర, కొవ్వు 5 శాతం దగ్గర ఉన్నవి. ఏరుకోవడానికి అందులో ఏమీ ఉండదు కాబట్టి ఏరుకోదు. పైన చిటికెడు చిరుధాన్యాలు. అన్నీ కలిపి రోజుకు ఒక టేబుల్ స్పూను, సుమారు 10 గ్రాములు. గోరంత కీర దోసకాయో, క్యారెట్టో, రెండు రెమ్మల కొత్తిమీరో. వారానికి రెండుసార్లు బఠాణీ గింజంత ఉడికిన గుడ్డు. మంచి నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పొద్దుతిరుగుడు గింజ రోజుకు ఒకటి, అదీ చేత్తో, మచ్చిక చేసుకోవడానికి. మేత ఒక్క రోజులో మార్చేయకుండా వారం, పది రోజుల పాటు పాతదాంట్లో కొత్తది కలుపుతూ పోవాలి.

"ఒక్క వేరుశనగ గింజకే ఇంత రాద్ధాంతమా మేడం?" అన్నాను. లెక్క వేసుకోమంది. ఇంటికొచ్చి వేశాను. నా బరువు దాని బరువుకు ఇంచుమించు 400 రెట్లు. అరగ్రాము గింజ ఒకటి దానికి పెడితే, బరువు లెక్కన నేను 200 గ్రాముల వేరుశనగ గుళ్లు తిన్నట్టు. 5 గ్రాముల ద్రాక్షపండు ఇస్తే రెండు కిలోల ద్రాక్ష. మేము మీ గింజలకు తోడు రోజూ రెండు ద్రాక్షపళ్లు కూడా పెట్టేవాళ్లం, 'ఫ్రూట్స్ హెల్దీ కదా' అని.

మీకు పోటీగా మా ఇంట్లో ఇంకో కంపెనీ కూడా ఉంది, దాని పేరు మా అమ్మ. డాక్టరు చీటీ చూసి, "ఇంత తిండికి అది బతుకుతుందా? కాస్త పెరుగన్నం కలిపి పెడితే చలవ" అంది. మెత్తటి అన్నం బుగ్గ సంచుల్లో అంటుకుంటుందని చెప్పాను. "అయితే కూరలో ముక్క పెట్టు." మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిదెక్కడ? అవి దానికి విషం. "బత్తాయి తొన?" పులుపు పడదు. "పచ్చి బంగాళాదుంప?" వద్దు. "చాక్లెట్?" అది మా పాప అడిగింది, అదీ విషమే. "మరి ఏం తింటుందే పాపిష్టిది!" అని అమ్మ విసుక్కుంటే, పురుగులు కూడా తింటుందని నిజం చెప్పాను. ఎండబెట్టిన పురుగులు చిన్న డబ్బాల్లో అమ్ముతారు కూడా. అమ్మ రెండు రోజులు బోను ఉన్న హాల్లోకి రాలేదు. చివరికి గుడ్డు దగ్గర రాజీ కుదిరింది, శనివారం మాత్రం సున్నుండకు కూడా నీచు లేదు. అది వెంకటేశ్వరస్వామికి మొక్కిందో లేదో ఎవరూ అడగలేదు.

చిరుధాన్యాల దగ్గరికొచ్చేసరికి మీవాళ్ల తెలివికి దండం పెట్టాలనిపించింది. మీ సోదర కంపెనీ ఒకటి 'ఫాక్స్‌టెయిల్ మిల్లెట్ స్ప్రే' అని అరడజను కంకులు అందమైన కవర్లో పెట్టి మూడు వందల చిల్లరకు అమ్ముతోంది. కొన్నాను. అమ్మ కవరు విప్పి, కంకి నలిపి, ఊది, గింజ నోట్లో వేసుకుని, "కొర్రలు!" అంది. ఆ ఒక్క మాటలో అరవై ఏళ్ల వ్యవసాయం, నా ఇంజనీరింగు డిగ్రీ మీద జాలి రెండూ ఉన్నాయి. మర్నాడు ముర్గీ చౌక్ వైపు వెళ్లి పక్షుల మేత అమ్మే కొట్లో పొట్టు తీయని కొర్రలు, వరిగలు చెరో కిలో తెచ్చాను. సున్నుండ ఒక్కో కొర్ర గింజనూ రెండు చేతులతో పట్టుకుని, పొట్టు ఒలిచి, బియ్యం తిని, పొట్టు పక్కన పోసింది. దీని పూర్వీకులు చేసిన పనే అది. 1930లో అహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు సిరియాలో అలెప్పో దగ్గర ఓ గోధుమ చేను తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లలనూ పట్టుకున్నాడు. జెరూసలేంలో కాలా అజార్ జబ్బు మీద ప్రయోగాలకు అవి కావాల్సి వచ్చాయి. ఇవాళ ఇళ్లలో ఉన్న బంగారు హ్యామ్‌స్టర్లు చాలామటుకు ఆ కాన్పు సంతతే. ఆ గోధుమ చేలో ఎర్ర నక్షత్రాలు కాసే మొక్క ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయండి, విత్తనాలు తెప్పిస్తాను.

కొర్రలు తినమని నా డాక్టరు నాకు చెప్పి రెండేళ్లయింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పుడు కూడా నేను సన్నబియ్యం వదల్లేదు. ఇప్పుడు సున్నుండ కొర్రల డబ్బా మీద దాని బరువు, తిన్న గ్రాములు మా పాప రోజూ రాస్తోంది. నా గ్లూకోమీటరు బ్యాటరీ ఎప్పుడు అయిపోయిందో నాకు తెలీదు. మొన్న అమ్మ ఆ డబ్బా నాదే అనుకుని ఆ పొట్టు కొర్రలతోనే ఉప్మా చేసి పెట్టింది. సున్నుండకున్న ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, నాకున్నవాటిలో ఆ రోజు ఒకటి కదిలింది.

ప్రస్తుతం దాని బరువు 149. మీలో మిగిలిన ఎర్ర ముక్కలను బాల్కనీలో పావురాలకు పోశాను. మా అపార్ట్‌మెంటు పావురాలు ఏసీ పైపుల తొడుగు కూడా పొడుచుకు తినే రకం. మీ నక్షత్రాలను మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశాయి.

ఇట్లు,
మీ మాజీ ఖాతాదారు,
సున్నుండ వాళ్ల నాన్న (ఆధార్‌లో పేరు వేరే)

తా.క. మిమ్మల్ని పారేయబోతుంటే మా పాప అడ్డుపడి, రంగు కాగితం ఒలిచేసి, లోపలి ఒట్టి అట్టను బోనులో పెట్టింది. రాత్రంతా కరకరమని చప్పుడు. పొద్దున చూస్తే మీరు సగం లేరు.