బస్సెక్కితే తగ్గే షుగర్

విజయవాడలో పొద్దున్నే అయిదున్నరకు ఏ కాలేజీ గ్రౌండ్‌ దగ్గరికైనా వెళ్లి చూడండి. గేటు ముందు బళ్లు బారులు తీరి ఉంటాయి. అన్నీ నడవడానికి వచ్చినవాళ్లవే. పటమటలో మా వీధి నుంచి గ్రౌండ్‌కి గట్టిగా అరకిలోమీటరు ఉంటుంది. నేనూ చాలాకాలం స్కూటర్ మీద వెళ్లి, ఎనిమిది రౌండ్లు కొట్టి, మళ్లీ స్కూటర్ మీదే ఇంటికి వచ్చేవాణ్ని. మధ్యలో ఒకచోట ఆగి రెండు ఇడ్లీ, ఒక గారె. ఆ తర్వాత సాయంత్రం దాకా కుర్చీలోనే. ఇంత నిష్ఠగా నడిచినా మొన్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే లెక్క) 6.1 వచ్చింది. షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు గానీ గుమ్మంలో చెప్పులు విప్పుతోందన్నమాట.

"ఇంకో నాలుగు రౌండ్లు పెంచండి" అంది మా ఆవిడ. ఊరంతా ఇచ్చే సలహా అదే. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క చెప్పిన దగ్గర్నుంచి రాగి సంకటి, జిమ్ము, పదివేల అడుగులు అంటూ వింటూనే ఉన్నాం. (పదివేల అడుగులు ఏ డాక్టరూ రాసిచ్చిన మోతాదు కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే పరికరానికి ఆ అంకెతో పేరు పెట్టారు, అంతే.) నాకు మాత్రం ఈ ఉదయపు నడక ప్రాయశ్చిత్తంలా కనిపిస్తోంది. గంటసేపు చెమటోడిస్తే మిగతా 23 గంటల బద్ధకం మాఫీ అయిపోతుందని మన నమ్మకం.

ఆ నమ్మకం ఎంత డొల్లో లండన్ బస్సులను చూస్తే తెలుస్తుంది. జెరీ మోరిస్ అనే డాక్టర్ అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించాడు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో తిరుగుతారు, ఒకే పొగ పీలుస్తారు, జీతాల్లోనూ పెద్ద తేడా ఉండదు. కానీ గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. కండక్టర్లకు వచ్చినా అంత తొందరగా ప్రాణం తీయలేదు. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ పైకీ కిందికీ మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. అసలు డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే లావేమో అన్న అనుమానం మోరిస్‌కే వచ్చింది. యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూస్తే నిజంగానే వాళ్ల నడుములు పెద్దవి. అయినా ఒకే నడుము కొలత ఉన్నవాళ్లను పక్కపక్కన పెట్టి చూసినా కండక్టరే నయమనిపించుకున్నాడు. ఆ కండక్టర్లు ఏ గ్రౌండ్‌కీ వెళ్లి రౌండ్లు కొట్టినవాళ్లు కారు. ఉద్యోగమే వాళ్లను నడిపించింది.

షుగర్ విషయంలో ఇది ఇంకా సూటిగా పనిచేస్తుంది. అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. ఆ సమయంలో నడిస్తే కాళ్ల కండరాలు ఇన్సులిన్ కోసం కాచుక్కూర్చోకుండా ఆ గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ 41 మంది షుగర్ రోగుల మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది. రోజులో ఎప్పుడో ఒకప్పుడు అరగంట నడిచినప్పటి కంటే, మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనం తర్వాతి గ్లూకోజ్ 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. మొత్తం నడక అదే అరగంట, వేళ మారిందంతే. మనం నడిచేదేమో పరగడుపున. పప్పూ ఆవకాయా నెయ్యీ కలుపుకుని రెండో వాయి అన్నం తిన్నాక వాలేది పడక్కుర్చీలోకి.

మధ్యాహ్నం ఒంటిగంటకు విజయవాడలో ఎవరు నడుస్తారండీ అంటారు. నిజమే, మే నెల ఎండలో నడవమని నేనూ చెప్పను. కానీ రాత్రి తొమ్మిదింటికి? జనవరి సాయంత్రం? వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లాలన్నా తాళంచెవి వెతుక్కునే అలవాటు ఎండ వల్ల వచ్చింది కాదు. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక బండి ఉండాలనీ, అది గుమ్మం ముందే ఆగి ఉండాలనీ ఊరంతా ఒప్పేసుకుంది. అక్కడ పోయింది నడక.

అందుకే నా ఓటు బస్సుకి. బస్సెక్కే మనిషి ఇంటి నుంచి స్టాపు దాకా, దిగాక స్టాపు నుంచి పని దాకా నడవక తప్పదు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. బద్ధకించే వీల్లేని వ్యాయామం ఇది. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీ శక్తి పథకం మొదలైనప్పుడు ఆర్టీసీ నష్టాలనీ, ఆటోవాళ్ల పొట్ట కొట్టారనీ, ఓట్ల కోసమనీ ఎన్ని చర్చలు జరిగాయో! ఇది ఆరోగ్య పథకం కూడా అని ఒక్కరైనా అనగా నేను వినలేదు. మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని ఆడవాళ్లు 57 శాతం, మగవాళ్లు 42 శాతమని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌ పత్రికలో వచ్చింది. ఇల్లు కదలనివాళ్లను గడప దాటించే పథకానికి ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి? కంకిపాడులో ఉండే మా అక్క ఇదివరకు బీసెంట్ రోడ్‌కి రావాలంటే కొడుకు బండి ఖాళీ అయ్యేదాకా ఆగేది. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆధార్ కార్డు పట్టుకుని బస్సెక్కుతోంది. దిగాక కొట్లన్నీ కాలినడకనే చుట్టేస్తోంది. మోకాళ్ల నొప్పుల ఊసు తగ్గిందా అంటే లేదు, నొప్పుల గురించి చెప్పుకోవడానికి బస్సులో కొత్త స్నేహితురాళ్లు దొరికారు.

అసలు దోషం తిండిదే, నడకది కాదు అనేవాళ్లున్నారు. తిండి మీద నాకూ పట్టింపు ఉంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, మన ఊరగాయ జాడీ ఆ మాట వినే రకం కాదు. కానీ తిండి మార్చుకోమని మూడు పూటలా ఇంట్లోవాళ్లతో పోరాడాలి. బస్సుకి ఆ గొడవ లేదు, ఒకసారి బండి తాళం పక్కన పెడితే చాలు.

పట్టణ రవాణా అంటే మనకు ఫ్లైఓవర్లే గుర్తొస్తాయి. బస్సుల పేరుతోనే వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్న ఊళ్లో బస్సు గురించి మాట్లాడేవాడు వింతగా కనిపిస్తున్నాడు. దేశంలోని పెద్ద బస్టాండ్లలో ఒకటి ఇక్కడే ఉంది. దూర ఊళ్లకు వెళ్లడానికి అక్కడికి చేరుకుంటాం, చాలామందిమి ఆటోలోనో సొంత బండి మీదో. పది నిమిషాలకో సిటీ బస్సు, స్టాపులో నీడ, అక్కడిదాకా తెగని ఫుట్‌పాత్. వీటికయ్యే ఖర్చు వైద్య ఆరోగ్య శాఖ పద్దులో రాయాలన్నది నా డిమాండ్. నవ్వుకునేవాళ్లు, షుగర్ ముదిరి కిడ్నీలు పాడైనవాళ్ల డయాలసిస్ ఖర్చు ఏ పద్దులో ఉందో ఒకసారి చూడండి.

నెలరోజులుగా నేను గవర్నర్‌పేటకు బస్సులోనే వెళ్తున్నాను. మా వీధి నుంచి స్టాపు దాకా ఫుట్‌పాత్ ఉందనే చెప్పాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, బజ్జీల బండి, వరసగా నిలిపిన బైకులు, ఒకచోట పలకే లేని డ్రైనేజీ. ఎన్నిసార్లు రోడ్డు మీదికి దిగి మళ్లీ ఎక్కుతున్నానో నిన్న లెక్కపెట్టాను. పద్నాలుగు. మోరిస్ కండక్టర్లతో పోలిస్తే ఇంకా తక్కువే.