టికెట్ తీసేశారు, మెట్టు మాత్రం అలాగే ఉంది

సిటీ బస్సు ఎక్కే అరవై ఏళ్ళావిడను ఎప్పుడైనా నిదానంగా గమనించారా? ముందు చేతిసంచి పైనున్న వాళ్ళెవరికో అందిస్తుంది. ఎడం చేత్తో కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుంటుంది. కుడిచెయ్యి తలుపు పక్కనున్న రాడ్ కోసం వెతుకుతుంది. కాలు ఎత్తబోతే మోకాలు సగంలోనే మొరాయిస్తుంది. దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తుతుంది. లోపల్నుంచి "తొందరగా ఎక్కమ్మా" అని కండక్టరు, వెనక బస్సు హారన్. ఆవిడ ఎక్కేలోపు మామూలుగా అయితే నలుగురు ఎక్కేసేవారు.

ఆవిడ దగ్గర దివ్యాంగుల సర్టిఫికెట్ లేదు. వీల్‌చైర్ లేదు. ఉన్నవల్లా అరిగిన మోకాళ్ళు. అయినా బస్సెక్కడం ఆవిడకు రోజూ ఓ గండమే.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో ఆడవాళ్ళకు ఉచిత బస్సు పథకాలు మొదలయ్యాయి. ఉచిత ప్రయాణం మంచిదా చెడ్డదా అన్న చర్చ మీరు కావలసినంత చదివే ఉంటారు, నేను మళ్ళీ ఎత్తుకోను. ఆడవాళ్ళ దగ్గర టికెట్ తీసుకోవడం మానేశారు, సంతోషం. వాళ్ళు ఎక్కాల్సిన పాత బస్సు మాత్రం అంగుళం కూడా కిందికి దిగలేదు.

మన పాత బస్సుల్లో చాలావాటి అసలు సమస్య పుట్టుకలోనే ఉంది. లారీకి వేసే తరహా ఛాసిస్ (చక్రాల మీది ఇనుప చట్రం) మీదే బస్సు బాడీ కట్టేశారు. సరుకు ఎంత ఎత్తున ఉన్నా నోరెత్తదు. మనిషి అలా కాదు, రోజూ ఆ ఎత్తు ఎక్కి దిగాలి. లో-ఫ్లోర్ బస్సులో ఫ్లోర్ నేలకు 400 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది, సెమీ లో-ఫ్లోర్‌లో 650. మన మామూలు బస్సులో అది దాదాపు మీటరు. రెండు మెట్లు ఎక్కువ, అంతేగా అనిపిస్తుంది. చంకలో పిల్లాడు, చేతిలో కూరగాయల సంచి ఉన్నప్పుడు ఆ రెండు మెట్లు ఎక్కి చూడండి.

ఇక్కడే అందరూ మర్చిపోయే లెక్క ఒకటి ఉంది. బస్సు ఆలస్యమైతే ట్రాఫిక్‌నే తిడతాం. కానీ స్టాపులో ఆగిన టైం కూడా ప్రయాణంలో టైమే. ఒక రూట్లో ముప్పై స్టాపులున్నాయనుకుందాం. ఎత్తు మెట్ల వల్ల ఒక్కో చోట ఇరవై సెకన్లు ఎక్కువ పడితే చివరికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు పోయేది మోకాళ్ళ నొప్పులావిడకే కాదు. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్న పాతికేళ్ళ కుర్రాడికీ పోతాయి, ఆఫీసుకు లేటయ్యే టెన్షన్ వాడిదే. డ్రైవరుకు డ్యూటీ సాగుతుంది. డిపోకి ట్రిప్పు తగ్గుతుంది. మెట్టు ఎక్కలేనివాళ్ళ బాధను బస్సులో ఉన్న యాభై మందీ తలా కాస్త మోస్తూనే ఉన్నారు. వాళ్ళకు తెలియదు, అంతే.

బ్రెజిల్‌లోని కురిటిబా నగరానికి ఈ లెక్క ఎప్పుడో తెలిసింది. 1991లో అక్కడ గాజు గొట్టాల్లాంటి బస్ స్టేషన్లు పెట్టారు. టికెట్ ముందే తీసుకుని గొట్టంలో నిలబడితే చాలు, బస్సు ఫ్లోరూ స్టేషన్ ఫ్లోరూ ఒకే ఎత్తు. ఎక్కేది లేదు, నడిచి వెళ్ళడమే. బస్సులు తొందరగా కదలాలన్నది అక్కడి పట్టుదల. వీల్‌చైర్‌కూ, పిల్లల బండికీ దారి దాంతోపాటే దొరికింది. అహ్మదాబాద్‌లో ప్రత్యేక దారిలో నడిచే జన్‌మార్గ్ బస్సులకు 2009 నుంచి ఇదే పద్ధతి. బస్సు కిందికి దిగకపోతే స్టాపునే పైకి లేపారు.

హైదరాబాద్ మెట్రో లిఫ్టు ముందు లైన్లో ఎవరున్నారో చూడండి. సూట్‌కేసులవాళ్ళు, గర్భిణులు, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకున్న నాన్నలు, ఊరికే బద్ధకించిన కాలేజీ పిల్లలు. స్టేషన్ పేరు చెప్పే గొంతు చూపులేని వారికి ఎంత అవసరమో, జనం మధ్య నలిగిపోతూ కిటికీ కనపడని నాకూ అంతే అవసరం. వానాకాలం రాత్రి అద్దాలు మసకబారిన సిటీ బస్సులో "ఏ స్టాపండీ ఇది" అని పక్కవాళ్ళను అడగనివాళ్ళెవరు?

కాదనేవాళ్ళు రెండు మాటలంటారు. 2011 జనగణన ప్రకారం వైకల్యం ఉన్నవాళ్ళు నూటికి 2.21 మందే, వాళ్ళ కోసం ఇంత ఖర్చా అన్నది ఒకటి. లో-ఫ్లోర్ బస్సు మన గుంతలకు, స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగిలి పాడైపోతుందన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఇందాకటి లిఫ్టు లైన్లో నిలబడే ఉంది. రెండోదాంట్లో నిజముంది. కానీ రోడ్డు బాగాలేదని మనుషులే ఎత్తు ఎక్కాలనడం ఏం న్యాయం?

అయినా 'అందరికీ లాభం' అని చూపిస్తే తప్ప ఈ విషయం కదలదంటే నాకే కాస్త సిగ్గుగా ఉంది. ఎవరికీ లాభం లేకపోయినా వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి బస్సెక్కే హక్కు ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ రవాణా గురించే చెబుతుంది. పాత వాహనాలను మార్చే దగ్గరికొచ్చేసరికి మాత్రం సాంకేతికంగా కుదిరితే, ఖర్చు గిట్టుబాటైతే, డిజైన్‌లో పెద్ద మార్పు లేకపోతే అంటూ సందులు పెట్టింది. చూపులేని రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సదుపాయాలను సలహాలుగా వదిలేస్తే కుదరదనీ, తప్పనిసరి నిబంధనలు మూడు నెలల్లో తేవాలనీ కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ న్యాయ వర్సిటీలో తయారైందే.

2015 డిసెంబరు 3న భవనాలూ రవాణా దివ్యాంగులకు అందుబాటులోకి తెస్తామంటూ కేంద్రం సుగమ్య భారత్ కార్యక్రమం మొదలుపెట్టింది. అదే నెలాఖరున 'దివ్యాంగులు' అందామని ప్రధాని సూచించారు. పేరు మాత్రం వెంటనే అమలైంది. మన ప్రభుత్వాల తీరే అంత, ఏ పార్టీ అయినా సరే. మనిషి చేతికి ఏదైనా ఇవ్వడం ఇష్టం: పాసు, పింఛను, మూడు చక్రాల బండి. ఇచ్చేటప్పుడు ఫొటో ఉంటుంది, తీసుకున్నవాళ్ళు దండం పెడతారు. అందరూ వాడే వస్తువును బాగుచేస్తే దండం పెట్టేవాళ్ళెవరు? తగ్గిన మెట్టు పక్కన నిలబడి ఏ మంత్రీ ఫొటో దిగడు. రాయితీ పాసు చేతిలో పట్టుకుని, ఆ పాసు చెల్లే బస్సునే ఎక్కలేక ఆటోకి డబ్బులిచ్చే మనిషి అందుకే మిగిలిపోయాడు.

ఎలక్ట్రిక్ వాహనాలకు కేంద్రం సాయమిచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఒకసారి వచ్చిన బస్సు పదేళ్ళకు పైగా తిరుగుతుంది. జెండా ఊపే రోజున ఏసీ ఉందా, ఒక ఛార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు వెళ్తుంది అని విలేకరులు ఎలాగూ అడుగుతారు. దయచేసి ఇంకోటి కూడా అడగండి: నేల నుంచి ఫ్లోరు ఎన్ని మిల్లీమీటర్లు?