జపాను దిగింది సరే, బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ మధ్య విశాఖలో ఒక చిన్న కథల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. అంశం ‘చరిత్ర మరోలా జరిగి ఉంటే’. 26 కథలు వచ్చాయి. తొమ్మిదింటిలో 1942లో జపాను సైన్యం మన బీచ్‌లో దిగింది. నాలుగింటిలో 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోలేదు, అదే మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచేసింది. జెండాలు మారాయి. జగదాంబ జంక్షన్‌కు జపాను జనరల్ పేరొచ్చింది. 1942 నాటికి జగదాంబ థియేటరే లేదన్నది వేరే సంగతి. అన్నీ చదివి కాగితాలు పక్కన పెట్టాక ఒక విషయం తట్టింది. ఆ పదమూడు కథల్లో ఒక్కళ్ళు కూడా అన్నం వండుకోలేదు.

వంటింటి సీను లేదని కాదు నా గొడవ. ఊరు చేతులు మారింది, సముద్రం మూసుకుపోయింది, రైళ్ళు ఆగిపోయాయి. అయినా ఆ కథల్లో జనం మూడు పూటలా ఏం తింటున్నారో, ఏ డబ్బుతో కొంటున్నారో రచయితకు పట్టలేదు. యుద్ధం గెలిచిన సాయంత్రంతో కథ అయిపోతుంది. నా లెక్కలో అసలు కథ మొదలయ్యేది మర్నాడు పొద్దున, షాపు తలుపు తీసినప్పుడు.

ఊహే అక్కర్లేదు, జరిగిందే చూద్దాం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది. విశాఖలో ప్రాణనష్టం తక్కువే. సైన్యమేమీ దిగలేదు. కానీ ఊళ్ళో ఉన్నవాళ్ళు మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు, యుద్ధం అయ్యాకే మళ్ళీ తెచ్చారు. 1941 జూన్‌లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రం నుంచి మొదటి ఓడ ‘జల ఉష’ నీళ్ళలోకి దిగేసరికి 1948 మార్చి వచ్చింది. అటు మద్రాసులో, బాంబు పడితే జూలో జంతువులు తప్పించుకుని ఊరి మీద పడతాయని పులుల్నీ సింహాల్నీ ముందే కాల్చేశారు. జపాను సైన్యం మద్రాసులో దిగనే లేదు. రాని శత్రువు కోసం పులిని చంపడం అనే సీను మా పోటీలో ఎవరైనా రాసి ఉంటే, అతిశయోక్తి అని నేనే మార్కులు కోసేసేవాణ్ణేమో.

ఇక బియ్యం. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతిలోకి పోయింది. అప్పటిదాకా బర్మా నుంచి మన దేశానికి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. అది ఒక్కసారిగా ఆగిపోయింది. ఉత్తరాంధ్రకు రంగూన్ ఎక్కడో ఉన్న పరాయి ఊరు కాదు. మన వాళ్ళకది ‘రంగం’. విశాఖలోనో భీమిలిలోనో స్టీమరెక్కి అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికి పోయినవాళ్ళు ఎందరో. బియ్యంతో పాటు వాళ్ళు పంపే మనియార్డర్లూ ఆగిపోయాయి. ఆ మనుషులేమో లక్షల మందిలో కలిసి అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలో రాలిపోయినవాళ్ళు పోగా. తర్వాత 1960ల్లో బర్మా నుంచి మరో విడత వచ్చినవాళ్ళ పేరు కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపుగా ఇప్పటికీ నిలిచి ఉంది.

అదే సమయంలో బెంగాల్ తీరంలో ప్రభుత్వం చేసిన పని చూడండి. జపాను దిగితే వాళ్ళకు పనికొస్తాయని పది మందికి మించి ఎక్కగలిగే పడవల్ని లాగేసుకుంది, పగలగొట్టించింది. తీర జిల్లాల నుంచి బియ్యం తరలించింది. మరుసటి ఏడాది కరువులో 20 నుంచి 30 లక్షల మంది చచ్చిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఇదీ ఒకటి. అక్కడ కూడా జపాను సైన్యం దిగలేదు!

ఇప్పుడు మా కథల్లోలా నిజంగానే దిగిందనుకుందాం. విశాఖ పోర్టు 1933లో తెరిచారు. లోపలికి పోవడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇరుకైన కాలువ ఒక్కటే దారి. వెనక్కి తగ్గే బ్రిటిషు వాళ్ళు చేసే మొదటి పని ఆ కాలువలో రెండు పాత ఓడల్ని అడ్డంగా ముంచడం. అంతే, పోర్టు జపానుకూ పనికిరాదు, మనకూ పనికిరాదు. మధ్య పరగణాల నుంచి వచ్చిన మాంగనీసు గుట్టలు వానకు నానుతుంటాయి. రెండో పని రాజమండ్రి దగ్గర గోదావరి రైలు వంతెన పేల్చడం. యుద్ధం అక్కడే నదికి అటూ ఇటూ ఆగిందనుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట కింద పండే ధాన్యం ఎవరి వైపు? మద్రాసు వైపు ఉన్నది ఇటు రాదు. ఇటు ఉన్నది ముందు సైన్యానికి, తర్వాత గుర్రాలకు, ఆ తర్వాత మిగిలితే మనకు. నన్నడిగితే నవల అక్కడ రాయాలి.

డబ్బు సంగతీ చూడండి. బర్మాలో జపాను వాళ్ళు అచ్చేసి పంచినవి కూడా రూపాయి నోట్లే. విశాఖలో దిగితే అలాంటి నోట్లే వచ్చేవి. కురుపాం మార్కెట్లో ఒక కందిపప్పు వ్యాపారి ఉన్నాడనుకుందాం. తుపాకీ పక్కన పెట్టి మరీ ఇస్తున్న నోటు కాదనలేడు. మూడేళ్ళు తీసుకుంటాడు. గోనెసంచి నిండుతుంది. 1945లో బ్రిటిషు వాళ్ళు తిరిగొచ్చి ఆ నోటు చెల్లదంటారు. బర్మాలో అదే జరిగింది. సంచి పొయ్యిలోకి పోతుంది. పైగా పక్కింటివాడు వెళ్ళి ఈయన జపాను వాళ్ళకు పప్పు అమ్మాడని పోలీసులకు చెబుతాడు. ఆ పక్కింటివాడికి ఈయన దగ్గర పాత బాకీ ఉండి ఉంటుంది, అది వేరే చెప్పాలా.

ఇదంతా నేను భయపెట్టడానికి అల్లుతున్నది కాదు. మన సముద్రంలోనే, మనకెదురుగా ఈ పరీక్ష ఒకసారి జరిగింది. 1942 మార్చిలో జపాను అండమాన్‌ను పట్టుకుంది. 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో నేతాజీ జెండా ఎగరేశారు. మా పోటీలో తొమ్మిది కథలూ అలాంటి సీనుతోనే ముగిశాయి. అండమాన్‌లో కథ అక్కడ ముగియలేదు. రెండు వారాల తర్వాత, 1944 జనవరి 14న, జపాను పక్షాన ఉన్న ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కు అక్కడి నాయకుడైన దివాన్ సింగ్ జపాను వాళ్ళ చిత్రహింసలకు సెల్యులర్ జైలులో చనిపోయారు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులని చెప్పి కాల్చేశారు. చివరికి తిండి చాలక, పని చేయలేనివాళ్ళని పడవల్లో తీసుకెళ్ళి సముద్రంలోకి తోసేశారు. విశాఖలో జెండా వందనంతో కథ ముగించినవాళ్ళు ఆ రెండు వారాలు ఆగి ఉంటే బాగుండేది.

ఘాజీ కథలు ఇంకో రకం. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ బయట ఘాజీ మునిగింది. తొంభై మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. మన నౌక రాజ్‌పుత్ దెబ్బకే అని మనం, సొంత మందుపాతర తగిలో, లోపల ఏదో పేలో అని వాళ్ళు. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. సరే, అది ఇక్కడే ఉండి మునిగిందనుకుందాం. అంతమాత్రాన బంగ్లాదేశ్ పుట్టకుండా పోతుందా? కోటి మంది శరణార్థులు అప్పటికే ఇటు ఉన్నారు, సైన్యం మూడు వైపుల నుంచి ఢాకా మీదికి పోతోంది. డిసెంబరు 16 కాస్త వెనక్కి జరిగేదేమో. నిజంగా మారేది మనకు దగ్గర్లోనే. జాలారిపేట తెప్పల్ని నెలల తరబడి వేటకు పోనివ్వరు. వలలు ఒడ్డున ఎండిపోతాయి. వడ్డీకి తెచ్చిన డబ్బు మాత్రం ఎండదు.

దీనికి జవాబుగా ఒక రచయిత మిత్రుడు ఏమన్నాడంటే, ‘కథకు ఊపు కావాలి గురూ, నువ్వు చెప్పినట్టు రాస్తే రేషన్ షాపు రిజిస్టరు అవుతుంది. అసలు ఒక్కటి మారితే ఇంకేం మారుతుందో ఎవరికి తెలుసు?’ అని. సగం ఒప్పుకుంటాను. ఎవరు గెలుస్తారో తెలియదు, ఎవరు ప్రధాని అవుతారో తెలియదు. కానీ ఎవరు గెలిచినా మధ్యాహ్నానికి ఆకలేస్తుందని తెలుసు కదా. తెలిసింది వదిలేసి తెలియనిదే రాస్తానంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది, బద్ధకం కాదూ? ఇక ఊపు మాటంటారా, ఆ గోనెసంచిలో లేని ఊపు యుద్ధ విమానంలో ఉందా?

ఈ జబ్బు కథలకే పరిమితమైతే ఇంత రాసేవాణ్ణి కాదు. నిజం చరిత్రనూ మనం ఇలాగే రాసుకుంటాం, ఘటన దగ్గర ఆపేసి. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని 1966లో జరిగిన ఉద్యమం పిల్లవాణ్ణి లేపి అడిగినా చెబుతాడు. 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతాడు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారనీ చెబుతాడు. అక్కడితో సినిమా అయిపోయినట్టు లేచి వెళ్ళిపోతాం. ఆ ఫ్యాక్టరీ కోసం 60కి పైగా ఊళ్ళు లేచిపోయాయి. భూమి ఇచ్చినవాళ్ళకు ఆర్-కార్డులు, అంటే పునరావాస కార్డులు ఇచ్చారు, కార్డు ఉన్న అందరికీ ఉద్యోగాలు రాలేదు. 2021 జనవరిలో ప్రైవేటీకరణకు కేంద్రం ఒప్పుకున్నాక నినాదం మళ్ళీ రోడ్డెక్కింది. ఆ నినాదం ముందు వరసలో ఉంటుంది, కార్డు ఎప్పుడూ వెనకే. ఉద్యమం గురించి ఎన్ని ప్రసంగాలైనా దొరుకుతాయి. ఆ ఊళ్ళ బావులు, తాటితోపులు, పెళ్ళి సంబంధాలు ఏమయ్యాయో చెప్పే పుస్తకం ఒకటి చూపించమనండి.

పోటీ అయిన వారానికి ఆ ఫ్యాక్టరీ దగ్గరి కూర్మన్నపాలెంలో టీ తాగుతుంటే అలాంటి కార్డున్నాయన ఒకాయన పక్కన కూర్చున్నాడు. డెబ్బై దాటాయి. కార్డు తండ్రి పేరు మీద ఉంది. ప్లాస్టిక్ కవర్లో మడిచి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. కథల తలనొప్పి ఇంకా వదల్లేదేమో, ఊరుకోలేక అడిగాను, ఫ్యాక్టరీ రాకపోయి ఉంటే మీరేం చేసేవారని.

‘ఏటుంది బాబూ! ఉన్న ఎకరంన్నరా ముగ్గురన్నదమ్ములం పంచుకుందుం. గట్టు కాడ కొట్టుకుందుం. ఆఖరోడు ఎలాగూ పొలం సెయ్యడు, గాజువాకొచ్చి ఆటో తోలుకుందుడు. ఇప్పుడూ అదే తోలుతున్నాడు.’

ఫ్యాక్టరీ లేకపోతే ఇంత గాజువాక ఎక్కడిదండీ అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి కాసేపు రోడ్డుకేసి చూశాడు. ‘అవును గదా’ అన్నాడు. ‘మరి ఆడెక్కడ తోలేవోడంటారు?’