యునిటాస్ చెయ్యి గురించి నా ముందు తేలిగ్గా మాట్లాడకండి

ఇప్పుడే మా మేనల్లుడితో గొడవ పెట్టుకుని వచ్చి రాస్తున్నా. ఒళ్లింకా మండుతూనే ఉంది. భోజనాల దగ్గర ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో గొప్ప క్వార్టర్‌బ్యాక్‌లు, అంటే జట్టును నడుపుతూ బంతి విసిరేవాళ్లు, పదిమంది అని ఎవరో చేసిన వీడియో. ఆ పదిమందిలో జానీ యునిటాస్ లేడు! అదేంట్రా అంటే, "మావయ్యా, ఆ రోజుల్లో డిఫెన్స్ ఎక్కడిది, ఎవరు విసిరినా చెల్లేది" అన్నాడు. వీడు పుట్టి పెరిగింది యునిటాస్ ఆడిన బాల్టిమోర్ పక్కనే.

డిఫెన్స్ లేదా? బంతి అందుకోబోయేవాణ్ని అవతలి డిఫెన్స్ వాళ్లను మైదానం పొడుగునా గుద్దుకుంటూ తోసుకుంటూ పోనిచ్చేవారు. దాన్ని గట్టిగా కట్టడి చేసిన రూలు 1978లో వచ్చింది. అలాంటి కాలంలో ఆయన వరసగా 47 మ్యాచ్‌లలో టచ్‌డౌన్ పాస్, అంటే అవతలి గోల్‌లో పాయింట్లు తెచ్చే విసురు, వేశాడు. అప్పుడు సీజన్‌కు ఉన్నవే 12 మ్యాచ్‌లు. 1960లో ఆగిన ఆ వరసను 2012లో డ్రూ బ్రీస్ అనే క్వార్టర్‌బ్యాక్ వచ్చి దాటేదాకా ఎవరూ అందుకోలేదు. ఏ ఎత్తు వెయ్యాలో కూడా చాలావరకు తనే చెప్పేవాడు, హెల్మెట్‌లో కోచ్ గొంతు వినపడే రోజులు కావవి.

1955లో సొంత ఊరు పిట్స్‌బర్గ్ జట్టే ఆయన్ని తీసుకుని, సన్నాహక మ్యాచ్‌లలో ఒక్క బంతి కూడా విసరనివ్వకుండా పంపేసింది. ఇంట్లో పెళ్లాం, బిడ్డ. పగలు కట్టడాల దగ్గర కూలిపని, మిగిలిన పూట ఊళ్లో చిన్న జట్టుకు మ్యాచ్‌కు 6 డాలర్లకు ఆట. మరుసటి ఏడు బాల్టిమోర్ కోల్ట్స్ పిలిచింది. అసలు క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగితే దిగాడు. మొదటి పాసే అవతలివాడి చేతిలో పడింది, వాడు పట్టుకుపోయి టచ్‌డౌన్ చేశాడు. అక్కణ్ణుంచి లేచాడండీ ఆ మనిషి.

1958 డిసెంబర్ 28, న్యూయార్క్ యాంకీ స్టేడియం, జెయింట్స్ జట్టుతో లీగ్ ఫైనల్. జెయింట్స్ మూడు పాయింట్లు ముందున్నారు, రెండు నిమిషాలు కూడా లేవు, బంతి కోల్ట్స్ సొంత గోల్ నుంచి 14 గజాల దగ్గరే ఉంది. తన జట్టు రేమండ్ బెర్రీకి వరసగా మూడు పాస్‌లు, 62 గజాలు. ఏడు సెకన్లు ఉండగా స్కోరు సమం. అదనపు సమయంలో 80 గజాలు నడిపించి 23-17తో గెలిపించాడు. ఈ ఆట టీవీలో ఇంతగా పాకిందంటే ఆ సాయంత్రమే కారణం అంటారు మా పక్కింటి పెద్దాయన. ఇరవై ఏళ్ల కిందట నేను ఈ వీధికి కొత్తగా వచ్చినప్పుడు మంచు ఎత్తడం నేర్పిందీ, యునిటాస్ గురించి చెప్పిందీ ఆయనే. 1984 మార్చిలో ఆ జట్టును రాత్రికి రాత్రి లారీల్లో ఇండియానాపోలిస్‌కు తరలించుకుపోయిన సంగతి ఎత్తితే ఆయన గొంతు ఇప్పటికీ పూడుకుపోతుంది. యునిటాస్ ఊరివైపే నిలబడ్డాడు. నేను బాల్టిమోర్ కోల్ట్‌ను, ఆ కొత్త ఊరివాణ్ని కాను అన్నాడు.

వీడియోలు, పదిమంది జాబితాలు, పోనివ్వండి. నా కడుపుమంట ఇంకోటి. ఆ చెయ్యి.

1968లో మోచేయి దెబ్బతింది. అయినా 1973 దాకా ఆడాడు, పాస్‌లతో 40,000 గజాలు దాటిన మొదటివాడు. ముసలితనంలో ఆ కుడిచేతి వేళ్లు మాట వినడం మానేశాయి. గోల్ఫ్ ఆడాలంటే ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే కర్ర చుట్టూ మడుచుకుని, పట్టీతో బిగించి కట్టుకునేవాడు. లోకమంతా చూసిన చెయ్యండీ అది! వైకల్య భృతి అడిగితే లీగ్ పథకం వాళ్లు కుదరదన్నారు. 55 ఏళ్లు నిండకముందే అర్జీ పెట్టుకోవాలట. చెయ్యి చచ్చుబడింది 60 దగ్గర పడ్డాక. రాని జబ్బుకు ముందే అర్జీ ఎలా పెడతారు? 2002 సెప్టెంబర్ 11న గుండె ఆగి పోయాడు. అప్పటికీ ఆ భృతి అందలేదు.

మా నాన్న మిల్లులో 31 ఏళ్లు చేశాడు. రిటైరయ్యాక కుడి భుజం పైకి లేవడం మానేసింది. అన్నం ముద్ద నోటి దాకా రావాలంటే ఎడమచేత్తో మోచేతిని కిందనుంచి ఎత్తుకునేవాడు. కాగితాలు పట్టుకుని నేనే వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన తల కూడా ఎత్తలేదు. "గడువు దాటింది బాబూ, సర్వీసులో ఉండగా రావాల్సింది" అన్నాడు. ఆ మాట విని పందొమ్మిదేళ్లయింది. ఇవాళ భోజనాల దగ్గర వాడు "ఎవరు విసిరినా చెల్లేది" అంటుంటే నాకు కళ్ల ముందు కనపడింది ఆ కౌంటరే.